తలుపు బయట మైనస్ 33

తెలుగులో ‘చల్లగా ఉండు’ అనేది దీవెన. కడుపు చల్లగా ఉండాలి, కాపురం చల్లగా సాగాలి, అమ్మవారు చల్లని తల్లి అయి ఉండాలి, ఆవిడ చూపు కూడా చల్లగానే పడాలి. వేడి సంగతికొస్తే అది ఒంటికి చేస్తుంది, తలకెక్కుతుంది, కడుపులో మంటై కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఇదంతా తలకిందులు. అక్కడ స్వాగతం వెచ్చగా ఉండాలి, కౌగిలి వెచ్చగా ఉండాలి. చల్లటి మనిషి అంటే దగ్గరికి రానివ్వని మనిషి. ఏ భాష ఏ వాతావరణంలో పెరిగిందో ఈ ఒక్క మాట పట్టుకుని చెప్పేయొచ్చు. 2019 జనవరిలో మినియాపొలిస్ నుంచి గాజువాకకి ఫోన్ చేసి, ఇక్కడ మైనస్ ముప్పై దాటిందమ్మా అని చెప్పాను. అంతా విని మా అమ్మ అలవాటు కొద్దీ “సరే నానా, చల్లగా ఉండు” అని ఫోన్ పెట్టేసింది.

నేనక్కడ ఉన్నది రెండు చలికాలాలు. ఒక ప్రాజెక్టు మీద వెళ్ళాను, అది అయిపోయాక వచ్చేశాను. మంచు గురించి నేను రాయగలిగిన వర్ణన ఏదైనా మీరు ఈపాటికి పదిసార్లు చదివే ఉంటారు, కాబట్టి అది వదిలేస్తున్నాను. నన్ను ఇప్పటికీ వదలనిది వేరే ప్రశ్న. చలికీ మంచిచెడ్డలకీ సంబంధం ఉందా? ఉంటే అది ఎలాంటి సంబంధం?

ఉందనే వాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళల్లో, పాట్‌లక్ డిన్నర్ల దగ్గర, ఒక థియరీ తప్పకుండా వినబడుతుంది. “వీళ్ళకి ఈ డిసిప్లిన్ చలి వల్ల వచ్చింది బ్రో. ఆరు నెలలు మంచు. ముందే కట్టెలు కొట్టి దాచుకోకపోతే పోతారు. మనకేముంది, ఏ చెట్టు కింద పడుకున్నా తెల్లారిపోద్ది.” చెప్పేవాడు ఐదేళ్ళ కిందట మధురవాడ నుంచో మియాపూర్ నుంచో వెళ్ళినవాడే. తన డిసిప్లిన్‌కి మాత్రం ఇంటర్ చదివిన హాస్టల్‌ని కారణంగా చూపిస్తాడు.

ఈ థియరీ వయసు తక్కువేం కాదు. 1748లో ఫ్రెంచి ఆలోచనాపరుడు మాంటెస్క్యూ ‘ద స్పిరిట్ ఆఫ్ లాస్’ అనే పెద్ద పుస్తకం వేశాడు. అందులో పద్నాలుగో భాగం అంతా వాతావరణం గురించే. ఆయన ఒక గొర్రె నాలుక తీసుకుని, దాని మీదుండే సన్నటి బొడిపెల్ని చూశాడు. తర్వాత అందులో సగాన్ని గడ్డకట్టించి మళ్ళీ చూశాడు. బొడిపెలు ముడుచుకుపోయాయి. అంతే, చలిదేశాల వాళ్ళ నరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి వాళ్ళు ధైర్యవంతులు, నిజాయితీపరులు అనీ, వేడిదేశాల వాళ్ళు పిరికివాళ్ళు, బద్ధకస్తులు అనీ తేల్చేశాడు. అందులో ఇండియాకీ వాటా ఉంది. ఒక సగం నాలుక మీద ఇంత పెద్ద బిల్డింగ్ కట్టిన మనిషిని చూస్తే, శాంపిల్ సైజ్ గురించి నాలుగు మాటలు విన్న ఏ ఇంజనీరుకైనా నవ్వొస్తుంది.

నాకు నవ్వుతో పాటు కాస్త కోపం కూడా వస్తుంది. మా నాన్న ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంట్‌లో, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేశాడు. మన ప్లాంట్‌లో ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. పేర్లు నీళ్ళవీ అన్నానివీ, లోపల నుంచి వచ్చేది మాత్రం దాదాపు 1500 డిగ్రీల ఇనుము. మే నెల మధ్యాహ్నం, బయట నలభై డిగ్రీలు, ఎదురుగా ఆ ఇనుప ప్రవాహం, ఒంటి మీద దళసరి కోటు. వేడికి మనుషులు బద్ధకిస్తారనే సిద్ధాంతాన్ని అక్కడ ఎనిమిది గంటలు నిలబెట్టి చదివిస్తే బాగుండును. కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా గోడ గడియారం కన్నా షిఫ్ట్ బస్సే కచ్చితంగా ఉండేది.

మాంటెస్క్యూ కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవాడు జపాన్ తత్వవేత్త వాత్సుజి తెత్సురో. 1927లో బెర్లిన్‌లో ఉండగా ఆయన హైడెగర్ కొత్త పుస్తకం ‘బీయింగ్ అండ్ టైమ్’ చదివాడు. మనిషిని కాలంలో పెట్టి ఇంత లోతుగా చూసినవాడు చోటులో పెట్టి ఎందుకు చూడలేదు అనుకున్నాడు. దానికి జవాబుగా 1935లో ‘ఫూదో’ అనే పుస్తకం తెచ్చాడు. ఆ మాటకి అర్థం గాలి, నేల. అందులో మొదటి ఉదాహరణే చలి. చలి అనేది బయట ఒక వస్తువులా ఉండి, వచ్చి మనల్ని తాకి, అప్పుడు మనకి తెలియడం లేదంటాడాయన. చలేస్తోంది అనిపించే సమయానికే మనం ఆ చలిలో ఉన్నాం. పైగా అందులో నేను ఒక్కణ్ణే లేను. పక్కవాడికీ చలేస్తోందని నాకు తెలుసు కాబట్టే “అబ్బా, ఏం చలండీ” అంటే అతను తలూపుతాడు. చలిని పంచుకున్నాకే కోటు, కుంపటి, ఇల్లు, ఊరు అన్నీ వస్తాయి.

ఇది చదివినప్పుడు మినియాపొలిస్ బస్టాప్ గుర్తొచ్చింది. అక్కడ కొన్ని షెల్టర్లలో హీటర్ ఉంటుంది. బటన్ నొక్కితే కాసేపు వెలిగి ఆరిపోతుంది. ఆరిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యి చాపి మళ్ళీ నొక్కుతారు. ఎవరూ మాట్లాడరు, ఎవరూ థాంక్స్ చెప్పరు. వాత్సుజి చెప్పిన ‘మనం’ అక్కడ కంటికి కనబడుతుంది. అదే వాత్సుజి మన వైపు తిరిగేసరికి, ఋతుపవనాల దేశాల వాళ్ళు ప్రకృతికి లొంగి, ఓర్చుకుని బతికే రకం అని తేల్చేశాడు. చాలా సున్నితమైన ఆలోచనతో మొదలుపెట్టి చివరికి ఆయన కూడా ఆ గొర్రె నాలుక దగ్గరికే చేరాడు.

నాకు తోచింది వీటన్నిటికన్నా చిన్న విషయం. చలి మనిషి స్వభావాన్ని మారుస్తుందో లేదో నాకు పట్టలేదు. చలి మాత్రం మనిషి చేసే పని బరువుని మార్చేస్తుంది.

తలుపు వేయడం తీసుకోండి. రూమ్మేట్‌తో గొడవపడి రాత్రి పదకొండింటికి లోపల గడియ పెట్టేశారు. గాజువాకలో అయితే డిసెంబరు రాత్రి కూడా పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలకన్నా కిందికి దిగడం తక్కువ. బయటివాడు మెట్ల మీద కూర్చుంటాడు, దోమలు కుడతాయి, బూతులు తిడతాడు, తెల్లారి టీ తాగేటప్పుడు రాజీ కుదురుతుంది. అదే గొడవ, అదే కోపం, అదే గడియ, 2019 జనవరి 30 తెల్లవారుజామున మినియాపొలిస్‌లో పెట్టారనుకోండి. ఆ ఉదయం అక్కడ మైనస్ 33 డిగ్రీలు. గాలి కూడా తోడైతే చర్మం పది నిమిషాల లోపే గడ్డకట్టడం మొదలవుతుంది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకన్నా తగ్గితే ముందు మాట తడబడుతుంది, తర్వాత బుర్ర తడబడుతుంది, ఆ తర్వాత మనిషికి తాను ప్రమాదంలో ఉన్నాననే సంగతే తెలియదు. గడియ పెట్టినవాడు లోపల నిద్రపోతూనే ఉంటాడు.

ఒకే పని ఒకచోట చిలిపితనం, ఇంకోచోట హత్య. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు ఇలాంటి చిక్కుకి ‘మోరల్ లక్’ అని పేరు పెట్టి చర్చించారు. ఇద్దరు ఒకేలా తాగి బండి నడిపారు, ఒకడికి దారిలో పిల్లాడు అడ్డొచ్చాడు, ఇంకొకడికి రాలేదు. ఇద్దర్నీ ఒకేలా తప్పుపట్టాలా? మంచి ప్రశ్నే. చలి దగ్గర మాత్రం ఆ అదృష్టం మాట సరిగ్గా అతకదు. పిల్లాడు అడ్డొస్తాడని ముందు తెలియదు. మైనస్ 33 అని వారం ముందే ఫోన్‌లో వస్తుంది. తలుపు వేసేవాడికి బయట ఏముందో డిగ్రీలతో సహా తెలుసు. ‘నాకు తెలీదు’ అనే మాట వాడుకోవడానికి చలి చోటివ్వదు.

చలిదేశాల్లో కొన్ని కట్టుబాట్లు ఇక్కడి నుంచే పుట్టాయనిపిస్తుంది. సైబీరియా అడవుల్లో వేటగాళ్ళ గుడిసెలకి తాళం వేయరు. వెళ్ళేవాడు పొయ్యి పక్కన ఎండుకట్టెలు, అగ్గిపెట్టె, వీలైతే కొంచెం తిండి పెట్టి వెళ్ళాలి. తర్వాత వచ్చేవాడి వేళ్ళు అగ్గిపుల్ల గీయగలిగేంత మాత్రమే పనిచేస్తూ ఉండొచ్చు, కట్టెలు కొట్టే ఓపిక అప్పటికి ఉండదు. ఆ వచ్చేవాడు ఎవరు, మంచివాడా కాదా అని అడిగే వీలే లేదు. మిన్నెసోటాలో ‘కోల్డ్ వెదర్ రూల్’ అని ఒకటుంది. బిల్లు కట్టలేనివాళ్ళు వాయిదాల ఒప్పందం చేసుకుని దానికి కట్టుబడి ఉంటే, చలి నెలల్లో వాళ్ళ ఇంటి హీటింగ్ కనెక్షన్ కోయడానికి వీల్లేదు.

ఫ్రాన్స్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1954 ఫిబ్రవరి 1న ఆబ్బే పియెర్ అనే క్రైస్తవ పూజారి రేడియో లక్సెంబర్గ్‌లో మాట్లాడాడు. ఆ తెల్లవారుజామున పారిస్‌లో ఒక పేవ్‌మెంట్ మీద ఒకామె చలికి బిగుసుకుపోయి చనిపోయింది. ఆమె చేతిలో ఇల్లు ఖాళీ చేయమన్న కాగితం ఉంది. ఆయన చెప్పింది దాదాపు అంతే. దేశం కదిలింది. దుప్పట్లు, డబ్బు వచ్చిపడ్డాయి. 1956లో చట్టం వచ్చింది. చలికాలం నెలల్లో అద్దెవాళ్ళని బయటికి గెంటకూడదు. ఇప్పుడు ఆ గడువు నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఉంది. ఏప్రిల్ ఒకటిన అవే కుటుంబాల్ని ఖాళీ చేయించొచ్చు. ఏప్రిల్లో గెంటడం సరే, మార్చిలో గెంటడం తప్పు అనే లెక్క మొదట చూస్తే విడ్డూరంగా ఉంటుంది. పని బరువు డిగ్రీలతో మారుతుందని ఒక దేశం ఒప్పుకుని రాసుకోవడం కదా అది, అనుకుంటే అంత విడ్డూరం కాదు.

మైనస్ 33 నాటి సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆ రోజు పోస్టు ఆగిపోయింది, స్కూళ్ళు మూసేశారు. సాయంత్రం గ్యాస్ సరఫరా చేసే ఎక్సెల్ ఎనర్జీ వాళ్ళ నుంచి ఒక విన్నపం వచ్చింది. ఊరికి ఉత్తరాన కొన్ని చిన్న ఊళ్ళకి గ్యాస్ ప్రెషర్ సరిపోవడం లేదు, కొన్ని ఇళ్ళకి సరఫరా ఆగిపోయింది, అందరూ థర్మోస్టాట్ 63 ఫారెన్‌హీట్‌కి దించండి అని. అంటే పదిహేడు డిగ్రీల సెల్సియస్. గాజువాకలో సంక్రాంతి ముందు తెల్లవారుజామున ఉండే చలి. మా వీధిలో ఆ చలికి మంకీ క్యాపులు బయటికొస్తాయి.

మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం తెలుగువాళ్ళం. ఒకడు వెంటనే అన్నాడు, “మనం బిల్లు కడుతున్నాం. సరఫరా వాళ్ళ బాధ్యత. వాళ్ళు కెపాసిటీ ప్లానింగ్ చేసుకోకపోతే నేనెందుకు వణకాలి?” ఇది పూర్తిగా సబబైన వాదన. ఆఫీసులో ఇదే వాదన మేమందరం క్లయింట్ మీద చేస్తాం. రెండోవాడు ఇంకా పదునైన మాటన్నాడు. “లక్షల ఇళ్ళున్నాయి. మన ఒక్క ఫ్లాట్ దించితే ఆ ఊళ్ళో ప్రెషర్ పెరుగుద్దా? పెరగదు. మరి దించి ఏం లాభం?” లెక్క ప్రకారం ఇదీ నిజమే. మా వాటా తీసేసినా ఆ పైపులో ఏ మీటరూ కదలదు. మూడోవాడు శ్రీకాకుళం వైపు కుర్రాడు, పెద్దగా మాట్లాడేవాడు కాదు. “ఆ ఊళ్ళో ఎవడో మనలాగే కూర్చుని ఇదే మాట్లాడుకుంటుంటే ఏటి సెయ్యాలి రా?” అని లేచి వెళ్ళి స్వెటర్ మీద స్వెటర్ వేసుకున్నాడు. అప్పటికి నేను నంబరు దించేశాను. రాత్రంతా ఆ నంబరు మీదే వాదన నడిచింది, రెండుసార్లు ఎవరో పైకి తిప్పారు, రెండుసార్లు ఎవరో కిందికి దించారు.

మొదటివాడి వాదనకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. హక్కుల భాషలో అతను చెప్పింది తప్పని నిరూపించలేను. కానీ అతను చెప్పేదాంట్లో ఒక ఊహ దాక్కుని ఉంది. కంపెనీ చేసిన తప్పుకి నేను చెల్లించక్కర్లేదు అన్నంత మాత్రాన, ఆ ఊళ్ళో గ్యాస్ ఆగిన ఇంట్లో ఉన్న మనిషికి నాతో సంబంధం లేదని రుజువైపోతుందనే ఊహ. మామూలు రోజుల్లో ఆ ఊహ నిలబడుతుంది. మైనస్ 33 లో పైపు ఒకటే అని తెలిసిపోతుంది. అతని గదిలోని వెచ్చదనమూ ఇంకొకరి గదిలోని చలీ ఒకే గొట్టానికి రెండు చివరలు. కెపాసిటీ ప్లానింగ్ ఎవరు చేయలేదనే విచారణ వేసవిలో పెట్టుకోవచ్చు.

ఇక్కడితో ఆపితే చలి మనుషుల్ని దగ్గర చేస్తుందనే అందమైన వ్యాసం అయిపోయేది. అలా ఆపడం కుదరదు. ఆ రోజుల్లో మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాల మధ్య నడిచే గ్రీన్ లైన్ రైలు రాత్రంతా తిరిగేది. ఇల్లు లేనివాళ్ళు టికెట్ కొనో కొనకో అందులో పడుకునేవాళ్ళు. ఆ చివర దిగి, మళ్ళీ ఎక్కి, ఈ చివర దిగి, అలా తెల్లవార్లూ. 2019 ఆగస్టులో ఆ రాత్రి సర్వీసు తీసేశారు. బస్టాప్‌లో హీటర్ బటన్ నొక్కే అదే ఊరు.

చలి ఎంత స్పష్టంగా బాధ్యత చూపిస్తుందో అంత సులువుగా దాచుకోవడానికి చోటు కూడా ఇస్తుంది. కెనడాలో సస్కటూన్ అనే ఊరుంది. అక్కడి ఆదివాసులు ఒక పోలీసు అలవాటు గురించి ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. తాగి ఉన్నవాణ్ణో, గొడవ చేస్తున్నవాణ్ణో కారెక్కించి, ఊరి చివర మంచులో దించేసి వెళ్ళిపోతారు. దానికి ‘స్టార్‌లైట్ టూర్’ అని పేరు. నక్షత్రాల కింద విహారం! 1990 నవంబరులో నీల్ స్టోన్‌చైల్డ్ అనే పదిహేడేళ్ళ కుర్రాడి శవం ఊరి అంచున పొలంలో దొరికింది. అతను చివరిసారి కనబడిన రాత్రి మైనస్ 28. కేసు త్వరగా మూసేశారు. కుర్రాడు చలికి చనిపోయాడు, అంతే. 2000 జనవరిలో డారెల్ నైట్ అనే ఆయన్ని ఇద్దరు పోలీసులు అలాగే ఊరి బయట దించేశారు. ఆయన దగ్గర్లోని పవర్ స్టేషన్ దాకా నడిచి, అక్కడ పనిచేసే మనిషి తలుపు తీసి లోపలికి రానివ్వడం వల్ల బతికాడు. బతికాడు కాబట్టి సాక్ష్యం చెప్పాడు. ఆ పోలీసులిద్దరికీ శిక్ష పడింది. స్టోన్‌చైల్డ్ మరణం మీద విచారణ జరిపిన జడ్జి డేవిడ్ రైట్ 2004లో నివేదిక ఇస్తూ, ఆ రాత్రి కుర్రాడు ఇద్దరు కానిస్టేబుళ్ళ అదుపులో ఉన్నాడని తేల్చాడు. వాళ్ళ ఉద్యోగాలు పోయాయి. అతని చావుకి మాత్రం ఎవరి మీదా కేసు నమోదు కాలేదు.

అక్కడ ఆయుధం దొరకదు. వేలిముద్రలు ఉండవు. తెల్లారేసరికి నేరం అంతా వాతావరణం ఖాతాలో పడిపోతుంది.

2022 జనవరి 19న గుజరాత్‌లోని డింగుచా అనే ఊరికి చెందిన ఒక కుటుంబం, భార్యాభర్తలూ పదకొండేళ్ళ పాపా మూడేళ్ళ బాబూ, కెనడాలో ఎమర్సన్ దగ్గర మంచు పొలంలో చనిపోయి కనబడ్డారు. అమెరికా సరిహద్దు అక్కడికి పన్నెండు మీటర్ల దూరం. గాలితో కలిపి చలి మైనస్ 35. ఆ వార్త మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినప్పుడు చాలామంది అన్న మాట ఒకటే, “ఆ చలిలో పిల్లల్ని తీసుకుని ఎలా బయల్దేరార్రా?” తల్లిదండ్రుల తెలివితక్కువతనం, చలి క్రూరత్వం, ఈ రెండిటితో లెక్క సరిపోయింది. 2024 నవంబరులో మిన్నెసోటాలో జరిగిన విచారణలో మిగతా లెక్క బయటికొచ్చింది. అవతల వ్యాన్‌తో ఎదురుచూసిన డ్రైవరు, రాబోయే తుఫానుకి తగ్గ బట్టలు వేసుకునేలా చూడమని రెండోవాడికి మెసేజ్ పెట్టాడు. అంటే తెలుసు. ఇద్దరికీ శిక్ష పడింది. వీసాల కోసం మన ఊళ్ళ నుంచీ ఏజెంట్ల చుట్టూ తిరిగేవాళ్ళున్నారు కాబట్టి ఆ కుటుంబం నాకు గుజరాతీ కుటుంబంలా అనిపించలేదు.

చలిని ఇంకోలా కూడా వాడతారు, మాటల్లో. 2016 నవంబరులో నోట్ల రద్దు తర్వాత ఏటీఎం క్యూల్లో నిలబడి విసుక్కున్నవాళ్ళకి దేశమంతా ఒక మాట బదులొచ్చింది, సియాచిన్‌లో సైనికులు నిలబడటం లేదా అని. అదే ఏడాది ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనమ్ పోస్టు మీద మంచుచరియలు పడి 19 మద్రాస్ రెజిమెంటుకి చెందిన పదిమంది కూరుకుపోయారు. ఎక్కువమంది దక్షిణాది ఊళ్ళవాళ్ళు. వాళ్ళలో మన కర్నూలు జిల్లా సిపాయి ఒకతను ఉన్నాడు. ఆరు రోజుల తర్వాత ఒక్క హనుమంతప్పని ప్రాణాలతో బయటికి తీశారు, ఆయన కూడా 11న ఢిల్లీలో చనిపోయాడు. 1984 నుంచి ఆ హిమానీనదం మీద తుపాకీ గుళ్ళకి పోయినవాళ్ళకన్నా వాతావరణానికి పోయినవాళ్ళే ఎక్కువ. ఎండ తెలిసిన ఊరి కుర్రాడు మన తరఫున ఆ చలిలో నిలబడ్డాడు. ఆ నిలబడటాన్ని ఇంకొకరి నోరు మూయించడానికి వాడుకునేవాడికి ఆ చలితో ఏ సంబంధమూ లేదు.

మనకి దగ్గర్లో చలి చూడాలంటే లంబసింగి. గాజువాక నుంచి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కాలి. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో కార్లు వరసకడతాయి. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తు, కొన్ని తెల్లవారుజాములు సున్నాకి దగ్గర. మేమూ వెళ్ళాం. మంటలేసుకుని, గడ్డి మీద తెల్లటి పొర ఫోటో తీసుకుని, ‘ఆంధ్రా కాశ్మీర్’ అని పెట్టుకుని, పదకొండింటికల్లా దిగిపోయాం. మేము అద్దెకి తీసుకున్న టెంట్ పక్కనే టీ అమ్ముతున్న ముసలామె పలచటి దుప్పటి కప్పుకుని మా మంటకి కాస్త దూరంగా కూర్చుంది. మాకది చలి చూసే రోజు. ఆమెకి అక్టోబరు నుంచి ఫిబ్రవరి.

ఆ ఊరికి ఇంకో పేరుంది, కొర్రబయలు. కొర్ర అంటే అక్కడ కర్ర. రాత్రిపూట ఎవరైనా బయలున, అంటే బయట, ఉండిపోతే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందని చెబుతారు. టూరిస్టులకి చెప్పే మొదటి విశేషం ఇదే, అందరూ నవ్వుతారు. నాకు మాత్రం అది ఊరి పేరులా కాకుండా, సైబీరియా గుడిసెలో అగ్గిపెట్టె లాంటిదనిపించింది. ఎవరినీ బయట వదలకండి అని ఊరి పేరులోనే రాసిపెట్టుకున్నారు.

మరి మన దగ్గర మనిషిని చంపేది చలి కాదు కదా. 2015 వేసవిలో వడగాడ్పులకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బయట పని చేసుకునేవాళ్ళు, ముసలివాళ్ళు. వాళ్ళ ముఖాన తలుపేసినవాళ్ళు ఎవరు? ఎవరో ఒకరని చూపించలేం. ఎండ చలిలా ఒక్క రాత్రిలో తేల్చదు. ఉదయం నుంచి కొంచెం కొంచెంగా లాగుతుంది, మనిషి ఇంటికెళ్ళి పడుకున్నాక పోతాడు. ఆ రోజు అతనితో ఎండలో గోడ కట్టించినవాడికీ, నీడ లేని చోట గంట నిలబెట్టినవాడికీ, ఆ చావుకీ మధ్య బోలెడు గంటలు, బోలెడు మనుషులు అడ్డుంటారు. మైనస్ 33 లో గడియ పెట్టినవాడికి లేని వెసులుబాటు మనకి ఉంది.

పాతవాళ్ళకి ఇది తెలియదనుకోను. చలివేంద్రం అనే మాట చూడండి. ఎండన పడి వచ్చినవాడికి పేరు, కులం అడక్కుండా కుండలో నీళ్ళిచ్చే పందిరి. (కులం అడక్కుండా అన్నది మన ఊళ్ళల్లో అన్నిచోట్లా అన్ని రోజుల్లోనూ నిజం కాదు, గ్లాసు ఎత్తి పోసిన చలివేంద్రాలూ ఉన్నాయి.) తాళం వేయని గుడిసె సైబీరియాలో చేసే పనే ఇది మన దారి పక్కన చేస్తుంది. ఇప్పుడు పాత గాజువాక జంక్షన్ దగ్గర ఏప్రిల్ రాగానే పందిళ్ళు లేస్తాయి, వాటి మీద కుండల కన్నా ఫ్లెక్సీలు పెద్దవి. అయినా నీళ్ళు నీళ్ళే.

నా ఇబ్బంది పందిరి దాకా రానివాళ్ళతో. నేను ఇంటి నుంచి పనిచేస్తాను. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఏసీ గదిలో కూర్చుని, వంట చేసుకునే ఓపిక లేక, ఫోన్‌లో బిర్యానీ నొక్కుతాను. ఆ నొక్కడానికీ మినియాపొలిస్ గడియకీ పోలిక ఉందా? ఉందనిపించిన రోజున ఆర్డర్ మానేసి పెరుగన్నం తిన్నాను. దానివల్ల ఒక కుర్రాడికి ఎండ తప్పిందో, ముప్పై రూపాయలు తప్పాయో చెప్పలేను. గడియ అయితే తీస్తే సరిపోతుంది. ఇక్కడ తీయడమేదో వేయడమేదో తెలియడం లేదు. ఆర్డర్ చేయకపోవడం జాలి అవుతుందా, చేతులు కడుక్కోవడం అవుతుందా?

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పక్కన ఒక నోటీసు ఉంది, డెలివరీ బాయ్స్ మెట్లు వాడవలెను అని. అది తీయించాలని అసోసియేషన్ మీటింగ్‌లో అడిగాం. లిఫ్ట్ మెయింటెనెన్స్ మనం కడుతున్నాం కదా అన్నారొకాయన. సబబైన వాదనే. వచ్చే నెలకి వాయిదా పడింది. మొన్న నాలుగో అంతస్తుకి పార్సిల్ తెచ్చిన కుర్రాణ్ణి నీళ్ళిచ్చి అడిగాను, ఎండలో ఆర్డర్లు పెట్టకపోతే మీకు నయమా అని. బాటిల్ సగం తాగి, మూత పెట్టుకుంటూ అన్నాడు, “ఆర్డర్ లేకపోతే మాత్రం నీడలో కూకుంటామేటన్నా? హోటల్ ముందు రోడ్డు మీదే ఉంటాం. ఆర్డర్ పెట్టండి. పెట్టి కిందకి రండి.”